తప్పు వాక్యానికి వారం గడువు

మా బడిలో మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలు కలిసి కూర్చునే గదిలో వెనకవైపు గోడకు నల్లరంగు పూయించి ఉంచాను. దాని మీద నేను రాయను, పిల్లలే రాస్తారు; రాసిన ప్రతి వాక్యం కిందా తేదీ వేస్తారు. రెండేళ్ళ కిందట తనిఖీకి వచ్చిన ఒక అధికారి ఆ గోడ ముందు ఆగి, "ఎండకు సముద్రపు నీళ్ళు ఉప్పుగా మారిపోతాయి" అన్న వాక్యాన్ని రెండుసార్లు చదివి, కింద తేదీ చూసి, "ఆరు రోజులుగా ఈ తప్పు గోడ మీద ఉంటే మీరేం చేస్తున్నారమ్మా?" అని అడిగారు. దాన్ని కాపాడుతున్నానని చెప్పే ధైర్యం నాకు అప్పుడు లేకపోయింది. ఆయన రిజిస్టరులో నా గురించి ఒక ముక్క రాసి వెళ్ళిపోయారు. ఆ రోజు నోట మాట రాక మింగేసిన జవాబునే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

మాది నెల్లూరు జిల్లా తీరంలో, సముద్రపు నీళ్ళతో ఉప్పు పండించే ఇస్కపల్లి కొఠారులకు మరీ దూరం కాని ఒక ఊరి ప్రాథమిక పాఠశాల. అయిదు తరగతులకు ఇద్దరం. నా వంతుకు వచ్చిన మూడు తరగతులకూ పరిసరాల విజ్ఞానం నేనే చెబుతాను. పందొమ్మిదేళ్ళు ఈ పని చేశాక నాకు గట్టిగా అనిపించిన సంగతి వినడానికి చిన్నది, పాటించడానికి మాత్రం చాలా కష్టమైనది. ఈ వయసు పిల్లలు తమ చుట్టూ ఉన్న ప్రపంచం గురించి తప్పు చెప్పినప్పుడు దాన్ని ఆ రోజే దిద్దకూడదు. వాళ్ళ చేతనే రాయించి, అందరికీ కనబడేలా ఉంచి, అది నిలుస్తుందో కూలుతుందో వాళ్ళే తేల్చుకునేదాకా కనీసం ఒక వారం దాన్ని బతకనివ్వాలి. ఎక్కాల విషయంలో, అక్షరదోషాల విషయంలో నేనీ మాట అనను. ఏడెనిమిదులు యాభై నాలుగని ఎవరైనా అంటే అప్పటికప్పుడు దిద్దవలసిందే. సైన్సులో పిల్లలు చెప్పే తప్పు ఆ జాతిది కాదు. చాలాసార్లు అది వాళ్ళు కళ్ళారా చూసినదాన్నుంచి కట్టిన లెక్క, ఒక మెట్టు తక్కువైన లెక్క.

ఐసు వేసిన గ్లాసు సంగతి చూడండి. గ్లాసు బయట తడి ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్నకు గైడులో ఒకటిన్నర పంక్తి జవాబు ఉంటుంది: గాలిలోని నీటి ఆవిరి చల్లబడి నీటి బిందువులుగా మారుతుంది, దీన్నే సాంద్రీకరణం అంటారు. పిల్లలు దాన్ని ఒక్క పూటలో అప్పజెప్పేస్తారు. అలా అప్పజెప్పిన తరువాత ఒక ఏడాది నేను పుస్తకాలు మూయించి, "అది సరే, నిజంగా ఎక్కడిదని మీకనిపిస్తున్నది?" అని అడిగాను. ఇరవై మందిలో పధ్నాలుగు మంది "లోపలినుంచి కారింది టీచర్" అన్నారు. ఇందులో నవ్వడానికేమీ లేదు. వాళ్ళ ఇళ్ళల్లో మట్టికుండ ఉంది. కుండలో నీళ్ళు నిజంగానే దాని గోడల్లోంచి బయటికి చెమరుస్తాయి. ఆ చెమ్మ ఆరుతూ ఉండబట్టే లోపలి నీళ్ళు చల్లగా ఉంటాయి. కుండకు జరిగేది గ్లాసుకు ఎందుకు జరగకూడదన్నది వాళ్ళ తర్కం. గాలిలో మనకు కనబడకుండా నీళ్ళున్నాయని పెద్దవాళ్ళు చెప్పే మాటకంటే, నిజం చెప్పాలంటే, అదే నమ్మదగ్గదిగా ఉంటుంది.

"చల్లటి నీళ్ళు గ్లాసులోంచి బయటికి కారతాయి" అని గోడ మీద రాయించాను. ఐసుకు మాకు కరువు లేదు, రొయ్యలు కొనే షెడ్డులో అడిగితే థర్మోకోల్ పెట్టె నిండా ఇస్తారు. మొదటి రోజు గ్లాసులోని నీళ్ళల్లో ఎర్రసిరా కలిపాం. బయటి తడి ఎర్రగా లేదు. పాఠం అయిపోయిందని నేను లోలోపల సంతోషిస్తుండగా అయిదో తరగతి పిల్ల ఒకతె లేచి, "జల్లెట్లో పిండి దిగుద్ది, తవుడు పైనే ఆగుద్ది గదా టీచర్, సిరా ఆగిపోయిందేమో" అన్నది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, గైడులో అసలే లేదు. (మినరల్ వాటర్ ప్లాంటులో జరిగేది ఇంచుమించు ఆ పిల్ల చెప్పిన జల్లెడ పనేనని నాకు చాలా రోజుల తరువాత తట్టింది.) రెండు రోజులు తర్జనభర్జన పడి, మూతబిగించే స్టీలు క్యానులో ఐసు నింపి, పైన పొడిగా తుడిచి, కిరాణా కొట్టులోని ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టాం. లోపలి నీళ్ళు బయటికి వచ్చినా క్యానుతోపాటు కాటా మీదే ఉంటాయి కాబట్టి బరువు మారకూడదు. తడి బయటినుంచి వచ్చి చేరితే బరువు పెరగాలి. ఈ రెండు ముక్కలు పిల్లలు తమంతట తాము అనుకునేసరికి ఒక పూట గడిచిపోయింది. ఆ కాటా అయిదేసి గ్రాముల చొప్పున మాత్రమే చూపిస్తుంది. అరగంటకు 5 గ్రాములు పెరిగింది, గంటకు 10. కొట్టు యజమాని బేరం వదిలేసి వచ్చి చూశారు. గోడ మీది వాక్యాన్ని కొట్టేసింది నేను కాదు, జల్లెడ సంగతి ఎత్తిన పిల్లే కొట్టేసింది.

మొదటి రోజే సరైన జవాబు చెప్పి ఉంటే ఈ గొడవంతా తప్పేది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ చాలా ఏళ్ళు అలాగే అనిపించింది. అయితే చెప్పిన జవాబు పిల్లల మనసులోని పాత జవాబును తీసేసి ఆ చోట కూర్చోదు, దాని పక్కనే చాప పరుచుకుంటుంది. 1992లో అమెరికాలో స్టెల్లా వోస్నియాడు, విలియం బ్రూయర్ అనే ఇద్దరు పరిశోధకులు, భూమి ఆకారం గురించి ప్రాథమిక తరగతుల పిల్లలు నిజంగా ఏమనుకుంటున్నారో ప్రశ్న మీద ప్రశ్న వేసి తెలుసుకుని ప్రచురించారు. భూమి గుండ్రంగా ఉంటుందని పిల్లలు చెబుతూనే ఉన్నారు. కాస్త లోతుకు వెళ్ళేసరికి కొందరికి అది బోలుబంతి, మనం దాని లోపల చదునైన నేల మీద నిలబడి ఉన్నాం. మరికొందరికి రెండు భూములు, ఒకటి మనం నడిచేది, రెండోది ఆకాశంలో ఎక్కడో తిరిగే గుండ్రటిది. టీచరు చెప్పిన మాటనూ తాము చూసిన నేలనూ ఏదీ వదులుకోలేక పిల్లలు చేసుకున్న రాజీలు అవి.

ఆ రాజీని నేను మా బడి మేడ మీద చూశాను. 2023 జూలై 14 శుక్రవారం మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు చంద్రయాన్-3 బయలుదేరుతుందని పిల్లలందరినీ పైకి తీసుకువెళ్ళాను. శ్రీహరికోట మాకు దక్షిణాన ఉంటుంది. తెల్లటి పొగచార నిలువుగా లేచి, మెల్లగా తూర్పుకు, సముద్రం వైపు వంగుతూ పోయింది. మూడో తరగతి పిల్ల నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని, "ఆకాశానికి తగిలితే ఏమైద్ది టీచర్?" అని అడిగింది. భూమి గుండ్రంగా ఉంటుందని అంతకు ముందు వారమే ఆ పిల్ల తడుముకోకుండా చెప్పింది. దాని మనసులోని భూమికి మూత ఉందన్నమాట. నాలుగో తరగతి పిల్లవాడొకడు "రాకెట్ సముద్రంలో పడిపోయింది" అని తేల్చేశాడు. వాడు చూసింది అదే: పైకి లేచింది, వంగింది, నీళ్ళ వైపు పోయి కనబడకుండా పోయింది. ఆ వాక్యమూ గోడెక్కింది. ఆగస్టు 23 సాయంత్రం చంద్రుడి మీద దిగడాన్ని ఇంట్లో టీవీలో చూసి, మరునాడు వాడు కొంచెం చిన్నబోయిన ముఖంతో వచ్చి, "మరి సముద్రంలో ఏమీ పళ్ళేదా?" అని అడిగాడు. పడ్డాయి. అడుగునుండే బూస్టర్లు ఇంధనం మండిపోయాక విడిపోయి సముద్రంలోనే పడతాయి. వాడి వాక్యంలో సగం నిజముంది. జూలై పధ్నాలుగునే "కాదు, కూర్చో" అని ఉంటే ఆ సగం నిజాన్ని నేనే తుడిచేసి ఉండేదాన్ని, పైగా తుడిచానని నాకు తెలిసేది కూడా కాదు.

అన్నిటికంటే ఎక్కువ కాలం బతికిన తప్పు వాక్యం మాత్రం నాదే. మధ్యాహ్నం పన్నెండు గంటలకు సూర్యుడు నడినెత్తికి వస్తాడనీ, అప్పుడు నీడ పాదాల కింద ఉంటుందనీ నేను ఎనిమిదేళ్ళపాటు చెప్పాను. ఒక సంవత్సరం బడులు తెరిచిన కొత్తలో, దిక్కుల పాఠం కోసం ఆవరణలో మీటరు కర్ర నిలువుగా పాతి, గంటగంటకూ నీడ కొనను గులకరాళ్ళతో గుర్తుపెట్టమన్నాను. పన్నెండుకు నీడ మాయం కాలేదు, పదిహేను పదహారు సెంటీమీటర్లు ఉంది. అన్నిటికంటే పొట్టి నీడ పన్నెండు దాటిన పది పన్నెండు నిమిషాలకు వచ్చింది. అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటి: ఆ నీడ దక్షిణానికి పడింది. సూర్యుడు మనకు ఎప్పుడూ దక్షిణపు వాలునే ఉంటాడని ఎక్కడ చదివానో గుర్తులేదు కానీ, నాకు అదే గట్టి నమ్మకం. పిల్లలు కర్రను పొరపాటున పాతారని వాళ్ళనే కోప్పడ్డాను. మరునాడు వేరేచోట పాతి చూస్తే మళ్ళీ దక్షిణానికే పడింది.

ఆ రాత్రి అట్లాసు ముందేసుకుని కూర్చుంటే తెలిసింది. కర్కటరేఖ ఇరవై మూడున్నర డిగ్రీల దగ్గర ఉంది, మనం పధ్నాలుగున్నర దగ్గర ఉన్నాం. అంటే ఏప్రిల్ నెలాఖరునుంచి ఆగస్టు మధ్యదాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరానే ఉంటాడు. ఉత్తరపు వాకిలి ఇళ్ళల్లో మే నెల ఎండ అరుగు మీదికి ఎక్కుతుందని మా అత్తగారికి తెలుసు. బీఈడీ చదివిన నాకు తెలియదు. పన్నెండు దాటాక నీడ పొట్టిదవడానికి కారణం మన గడియారం. దాన్ని కాకినాడ దగ్గరగా పోయే ఎనభై రెండున్నర డిగ్రీల రేఖకు సరిపెట్టారు, నెల్లూరు ఎనభై దగ్గర ఉంది. ఆ రెండున్నర డిగ్రీలు దాటి మన నెత్తి మీదికి రావడానికి సూర్యుడికి పది నిమిషాలు పడుతుంది. మిగిలిన ఒకటి రెండు నిమిషాల లెక్క నాలుగో తరగతికి అక్కర్లేదు. పిల్లలు ఆ కర్రను తీయనివ్వలేదు. దక్షిణపు నీడ రోజురోజుకూ కుంచించుకుపోయి ఆగస్టు రెండో వారం చివర పూర్తిగా మాయమైంది. ఆ తరువాత ఉత్తరానికి తిరిగి, క్రిస్మస్ సెలవులనాటికి 78 సెంటీమీటర్లయింది. గడియారం సంగతి పక్కనపెట్టినా, నా వాక్యం ఏడాదికి రెండు రోజులు మాత్రమే నిజం, అందులో ఒకటి వేసవి సెలవుల్లో పడుతుంది.

ఇంత తీరిక ఎక్కడిదని స్కూలు కాంప్లెక్స్ సమావేశంలో తోటి ఉపాధ్యాయులు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. మూడు తరగతులు ఒకే గదిలో, యాప్‌లలో ఎక్కించవలసిన ఫోటోలు, ఏడాది మధ్యలో వచ్చే పరీక్షలు, సిలబస్ ఎంతవరకు అయిందన్న లెక్క, వీటి నడుమ ఒక గ్లాసు తడికి వారమంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. నేను వారమంటున్నది వారం గడువు, వారం పీరియడ్లు కావు. రోజుకు అయిదు నిమిషాలు, అదీ ప్రార్థన అయి లోపలికి వచ్చేటప్పుడు. మిగిలిన పాఠం నేనూ అందరిలాగే చెబుతాను. అన్ని పాఠాలకూ గోడ ఉండదు, ఏడాదికి ఎనిమిదో పదో వాక్యాలు. తక్కినవాటిని వేగంగా దాటిపోతాను, అందుకు నాకేమీ సిగ్గు లేదు.

పరీక్ష విషయంలో మాత్రం నా దగ్గర సరైన జవాబు లేదు. వాక్యం గోడ మీద ఉన్న వారంలోనే పరీక్ష వస్తే, పిల్లలు మనసులో ఉన్నదే రాసి మార్కు పోగొట్టుకుంటారు. ఒకసారి ఒక తాత పేపరు పట్టుకుని బడికి వచ్చి, "ఏంది మేడమ్, తప్పని తెలిసీ దిద్దకుండా పంపిస్తన్నారంట?" అని అడిగాడు. కాటా సంగతి మొదటినుంచీ చెప్పాను. అంతా విని, "అయితే ఆ మార్కు కాటాకు పొయ్యిందన్నమాట" అని నవ్వాడు గానీ ఒప్పుకోలేదు, ఒప్పుకోవలసిన అవసరమూ లేదు.

ఇదేమీ నేను కనిపెట్టిన పద్ధతి కాదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో పదహారు మాధ్యమిక బడుల్లో మొదలైన సైన్సు బోధన కార్యక్రమంలో పిల్లలు ప్రయోగం చేసి, చూసింది రాసుకుని, పుస్తకం ముందుంచుకునే పరీక్ష రాసేవారు. ముప్పై ఏళ్ళు నడిచిన దాన్ని 2002లో ప్రభుత్వం ఆపేసింది. పుస్తకాల సంచి బరువుకంటే అర్థం కాకపోవడమే పిల్లల మీద పెద్ద బరువని, చదువు భారం మీద కేంద్ర ప్రభుత్వం వేసిన యశ్‌పాల్ కమిటీ 1993లోనే చెప్పింది. ఆ తరువాత మనకు మిగిలినవి మూడో తరగతినుంచే ఐఐటీ ఫౌండేషన్ చెబుతామనే బోర్డులూ, సైన్స్ ఫెయిర్ వచ్చిందంటే స్టేషనరీ షాపులో కొనే థర్మోకోల్ అగ్నిపర్వతాలూను. ప్రతి ఏడాదీ అదే అగ్నిపర్వతం, అదే వంటసోడా, అదే నిమ్మరసం. బహుమతి కూడా దానికే వస్తుంది. మా చుట్టుపక్కల నూరు కిలోమీటర్ల దూరంలో ఒక్క అగ్నిపర్వతమూ లేదు. రొయ్యల గుంటలు, ఉప్పు మళ్ళు, పెన్న కాలవలు, నేలపట్టుకు వచ్చే గూడబాతులు ఉన్నాయి. వాటికి అట్టబొమ్మ చేసిన పిల్లను నేనింకా చూడలేదు.

నా నియమాన్ని నేనే పక్కనపెట్టే చోటు ఒకటుంది. మా పుట్టిల్లు కనిగిరి వైపు. 1984లో నేను నాలుగో తరగతి చదువుతున్నప్పుడు, పళ్ళు తోముకుని రాలేదని మా మాస్టారు నన్ను నిలబెట్టి అందరికీ నా పళ్ళు చూపించారు. అవి గారపళ్ళు, గోధుమరంగు చారలు. ఇంటికి వెళ్ళి బొగ్గుపొడితో చిగుళ్ళు నెత్తురు కారేదాకా తోముకున్నాను. ఆ మరక పైన పట్టిన మురికి కాదనీ, పన్ను తయారయ్యే వయసులో తాగిన నీళ్ళలోని ఫ్లోరైడ్ లోపలే వేసిన ముద్ర అనీ నాకు కాలేజీలో తెలిసింది. మన దేశంలో ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బును మొట్టమొదట గుర్తించి 1937లో వైద్య పత్రికల్లో ప్రకటించింది నెల్లూరు జిల్లాలోనే. మా కనిగిరి ప్రాంతం 1970లో కొత్త జిల్లాలోకి పోయేదాకా ఆ నెల్లూరు జిల్లాలోదే. పత్రికలో అచ్చయిన నలభై ఏడేళ్ళకు కూడా ఆ సంగతి అదే ప్రాంతపు బడిలోకి రాలేదు. మా మాస్టారి తప్పు వాక్యం అంత కాలం బతికింది, మా తాత అవే నీళ్ళు తాగి మోకాళ్ళు వంగని మనిషిగా పోయారు.

ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే చాలు. ఏ పిల్లా ఎన్ని వారాలు నీళ్ళను చూస్తూ కూర్చున్నా అది దొరకదు. కళ్ళకు దొరకనివీ, ఆలస్యమైతే ఒంటికి దెబ్బ తగిలేవీ మొదటి రోజే, గట్టిగా, మారుమాట లేకుండా చెప్పాలి. కరెంటు తీగ, పాముకాటు, పిచ్చికుక్క, తాగే నీళ్ళు నా గోడ మీదికి ఎన్నడూ రావు.

ఆ అధికారి చదివిన ఉప్పు వాక్యం సంగతి ఇక్కడ చెప్పాలి. కొఠారుల్లో పనిచేసే వాళ్ళ పిల్లలు మా బడిలో సగం మంది. నీళ్ళు మళ్ళల్లోకి ఎక్కడం, ఎండడం, తెల్లగా మిగలడం వాళ్ళు పుట్టినప్పటినుంచీ చూస్తున్నారు కాబట్టి, ఎండే నీళ్ళను ఉప్పుగా మారుస్తుందని అనుకున్నారు. రెండు పళ్ళాలు పెట్టాం, ఒకదానిలో సముద్రపు నీళ్ళు, రెండోదానిలో క్యాను నీళ్ళు. రెంటికీ ఒకే ఎండ. ఒకదానిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు మిగిలింది, రెండోదానిలో ఏమీ లేదు. ఎనిమిదో రోజు వాక్యాన్ని కొట్టేసి, "నీళ్ళు పోతాయి, ఉప్పు పోదు" అని కింద రాశారు. తనిఖీ ఆరో రోజున జరిగింది.

ఆ తరువాత రెండు నెలలకు, తాగునీటి పాఠంలో నీటిని కాచి చల్లార్చి తాగాలన్న వాక్యం వచ్చినప్పుడు, మా పుట్టింటి నీళ్ళ గురించి పిల్లలకు చెప్పాను. చెప్పి, పుస్తకంలోని తరువాతి పంక్తికి పోబోతుంటే, వెనక బల్లలో కొఠారు పిల్లవాడొకడు, "కాస్తే నీళ్ళేగా పొయ్యేది టీచర్, ఆ ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుద్ది గదా, మన పళ్ళెంలో మాదిరి" అన్నాడు. నిజం. కాచడం క్రిములను చంపుతుంది, ఫ్లోరైడ్‌ను తీయదు. మా అమ్మ ఇరవై ఏళ్ళు మాకు నీళ్ళు కాచి పోసింది.

ఈ వారం గోడ మీద ఉన్నది రొయ్యల గుంటల సంగతి. రాత్రిళ్ళు ఏరేటర్ల చక్రాలు ఎందుకు తిరుగుతాయన్న ప్రశ్నకు, గుంట దగ్గర కాపలా ఉండే మనిషి కూతురు, "రొయ్యలు నిద్రపోకుండా తిప్పుతారు" అని రాసింది. నాచు పగలు ఎండకు ఆక్సిజన్ వదులుతుందనీ, రాత్రి అదీ రొయ్యలూ కలిసి వాడుకోవడం వల్ల తెల్లవారుజామున నీళ్ళల్లో ఆక్సిజన్ బాగా తగ్గుతుందనీ, ఆ చక్రాలు నీళ్ళను చిలికి గాలి కలుపుతాయనీ నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. ఆ పిల్ల వాళ్ళ నాన్న మీటరు పెట్టి చూసే డీఓ (నీళ్ళల్లో కరిగిన ఆక్సిజన్) లెక్క నాలుగు రోజులది నోటుబుక్కులో ఎక్కించుకుని నిన్న తెచ్చింది. సాయంత్రం 7, తెల్లారి 4. సాయంత్రం 7, తెల్లారి 3.5. ఆ అంకెల వంక చాలాసేపు చూసి, చాక్‌పీసు తీసుకుని గోడ దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చేసింది. మబ్బు పట్టిన రోజు లెక్క కూడా చూడాలట, సోమవారం దాకా ఉంచమన్నది.